అప్‌గ్రేడ్ సరిగ్గానే జరిగింది, పక్క డిస్కులో

నల్లటి తెర. పై మూలన రెండు వరుసలు. మొదటి వరుసలో "ఎర్రర్: సింబల్" అని, తరువాత గ్రబ్ అనే మాటతో మొదలై అండర్‌స్కోర్లతో సాగిపోయే పొడవాటి పేరు, చివర "నాట్ ఫౌండ్". రెండో వరుసలో రెస్క్యూ మోడ్‌లోకి వెళ్తున్నానన్న కబురు. దాని కింద "గ్రబ్ రెస్క్యూ", పక్కన మిణుకుమిణుకుమంటున్న కర్సరు. మా తమ్ముడు గుంటూరు నుంచి పంపిన ఫొటోలో ఉన్నది ఇంతే. గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాము.

ఈ తెరను చూసినవాళ్లకు అంతర్జాలం నిండా ఒకే మందు దొరుకుతుంది. ఆ మందు ఈ జబ్బుకు పనిచేయదు. ఎందుకు పనిచేయదో తెలుగులో ఎక్కడా కనిపించలేదు కాబట్టి రాసి పెడుతున్నాను.

కంప్యూటర్ మా బాబాయిది. ఆయనకు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం ఉంది. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, వేలంలో అమ్మి పెట్టి, తూకం, ధర, హమాలీ, కమీషన్ అన్నీ లెక్క కట్టి తక్‌పట్టీ చేతికివ్వడం అక్కడి పని. ఒకప్పుడు కార్బన్ కాగితం పెట్టి చేత్తో రాసేవారు. ఇప్పుడు లిబ్రెఆఫీస్‌లో నేను కట్టిచ్చిన పట్టికలో అంకెలు కొడితే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద పట్టీ వస్తుంది. కింద నడిచేది ఉబుంటు అనే లినక్స్. అదీ నా చలవే. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లో కూర్చుని పుస్తకాలకు పేజీలు కడతాను. ఏళ్ల తరబడి లినక్స్ మీదే పని. అందుకని బంధువుల్లో ఎవరి కంప్యూటర్ మొండికేసినా ఫోను నాకే వస్తుంది.

ఉబుంటు 20.04కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 మే నెలతో ఆగిపోయాయి. యార్డుకు వేసవి సెలవులు కూడా అప్పుడే. సీజన్‌లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, ఆ కంప్యూటర్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను. సెలవుల్లో అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. బాబాయి కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాడు. 22.04కు మార్చమని వాడికి చెప్పాను. మధ్యాహ్నం మొదలుపెట్టాడు, ప్యాకేజీలన్నీ దిగాయి, అన్నీ కుదురుకున్నాయి, ఎక్కడా ఎర్ర అక్షరం కనబడలేదు. చివరికి రీస్టార్ట్ చేయమని అడిగింది. చేశాడు. ఆ నల్లటి తెర వచ్చింది.

"అక్కా, నేనేమీ తప్పుగా నొక్కలేదు. అడిగిన ప్రతి దానికీ నువ్వు చెప్పినట్టే చేశాను."

వెనకాల బాబాయి గొంతు వినిపించింది. "విండోస్ పెట్టించమని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను, వింటేగా! సోమవారం యార్డు తెరుస్తారమ్మా. ఆ లోపు అవుతుందా, లేకపోతే పట్టీ పుస్తకాలు తెప్పించమంటావా?"

"అవుతుంది బాబాయ్. మీ లెక్కలకు ఏమీ కాలేదు. డిస్కులో భద్రంగా ఉన్నాయి" అన్నాను. ఈ మాట బింకానికి అన్నది కాదు. రెస్క్యూ తెర దాకా వచ్చిన యంత్రంలో ఫైళ్లు పోయి ఉండడం అరుదు.

నేను ఫోను ఎత్తేలోపే మావాడు ఏవో వీడియోలు చూసి వాటిలోని మందు వేసేశాడు. ఆ మందు ఇది. రెస్క్యూలో ఎల్ఎస్ అని కొడితే డిస్కులు, వాటిలోని విభజనలు (పార్టిషన్లు) కనిపిస్తాయి. లినక్స్ ఏ విభజనలో ఉందో వెతికి పట్టుకుని, ప్రిఫిక్స్ అనే చలరాశిలో దాని చిరునామా పెట్టాలి. తరువాత ఇన్‌స్‌మాడ్ నార్మల్ అని కొట్టాలి. దాంతో అసలు మెనూ రావాలి. గ్రబ్ తన ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియక ఆగిపోయినప్పుడు ఇది మంచి మందే. విభజనల అంకెలు మారినప్పుడు, మధ్యలో ఒక విభజనను తీసేసినప్పుడు వచ్చే చిక్కు అది. మావాడికి మాత్రం ఎన్నిసార్లు కొట్టినా అదే సింబల్, అదే పేరు, అదే నాట్ ఫౌండ్.

సెట్ అని కొట్టి ఫొటో పంపమన్నాను. ప్రిఫిక్స్ సరిగ్గానే ఉంది: హెచ్‌డీ0, ఎంఎస్‌డాస్5 (అంటే మొదటి డిస్కు, ఐదో నంబరు విభజన), అందులో బూట్, అందులో గ్రబ్. ఆ ఫోల్డరును ఎల్ఎస్‌తో చూపించమంటే ఫైళ్లన్నీ కళ్ల ముందే ఉన్నాయి. అంటే గ్రబ్‌కు దారి తెలుసు, ఫైలు దొరికింది, తెరిచింది కూడా. తెరిచాక లోపలి మాట దానికి అర్థం కాలేదు. దారి తప్పినవాడికీ, ఇల్లు చేరి గొడవ పడుతున్నవాడికీ ఒకే సలహా పనికిరాదు కదా.

ఇక్కడ గ్రబ్ ఎలా లేస్తుందో కొంచెం చెప్పాలి. పాత బయోస్ పద్ధతిలో నడిచే యంత్రాల సంగతి ఇది. బాబాయి యంత్రం ఆ కాలానిదే.

బయోస్ అంటే ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము. దానికి ఫైళ్లు, ఫోల్డర్లు తెలియవు. డిస్కులో మొట్టమొదటి సెక్టరు, అంటే 512 బైట్లు, చదివి అందులో ఉన్నదాన్ని నడిపించడం ఒక్కటే దానికి వచ్చు. ఆ 512లో 64 బైట్లు విభజనల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు పోగా, ప్రోగ్రాముకు మిగిలేది 446. అంత చోటులో ఏ ప్రోగ్రాము పడుతుంది? అందుకని అక్కడ గ్రబ్ పెట్టేది ఒక చిన్న ముక్క. దాని పని పక్క సెక్టర్ల నుంచి రెండో ముక్కను లాక్కురావడం. కోర్ అనే ఆ రెండో ముక్క మొదటి విభజన మొదలయ్యే లోపు ఖాళీలో ఉంటుంది. ఈ మధ్య కాలపు డిస్కుల్లో మొదటి విభజన 2048వ సెక్టరు దగ్గర మొదలవుతుంది కాబట్టి ఆ ఖాళీ దాదాపు 1 ఎంబీ. పూర్వం 63వ సెక్టరు నుంచే మొదలయ్యేది, అప్పుడు 31 కేబీల్లో సర్దుకోవాల్సి వచ్చేది. కోర్‌లో గ్రబ్ గుండెకాయ, డిస్కును చదివే భాగం, ఫైల్ సిస్టమ్‌ను అర్థం చేసుకునే భాగం ఉంటాయి. మెనూ చూపించడం, సెట్టింగుల ఫైలు చదవడం, లినక్స్ కెర్నల్‌ను లేపడం వంటివన్నీ మూడో చోట ఉంటాయి. బూట్ ఫోల్డరులోని గ్రబ్‌లో, ఐ386-పీసీ అనే ఉపఫోల్డరులో, ఒక్కో పనికి ఒక్కో మాడ్యూల్. వాటిలో నార్మల్ ఒకటి.

మొదటి రెండు ముక్కలు ఏ ఫైల్ సిస్టమ్‌లోనూ ఉండవు. ఫైళ్లు కాపీ చేస్తే అవి రావు, ఫైళ్లు తుడిచేస్తే అవి పోవు. మూడోది మామూలు ఫైళ్ల గుంపు. మాడ్యూల్ లోడయ్యేటప్పుడు తనకు కావలసిన ఫంక్షన్లను పేరు పెట్టి కోర్‌ను అడుగుతుంది. ఆ పేర్లే సింబల్స్. కొత్త వెర్షన్ మాడ్యూల్ కొత్త పేరు అడిగితే పాత కోర్ దగ్గర ఆ పేరు ఉండదు. దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. తెర మీద కనబడే పేరు వెర్షన్‌ను బట్టి మారుతుంది గనుక ఆ పేరు పట్టుకుని వెతకడం దండగ. పేరేదైనా అర్థం ఒకటే: కోర్ ఒక వెర్షన్, మాడ్యూళ్లు ఇంకో వెర్షన్.

ఇది కొత్త జబ్బు కాదు. 2020 జూలై 29న బూట్‌హోల్ అనే భద్రతా లోపం వివరాలు బయటికొచ్చాయి. గ్రబ్ తన సెట్టింగుల ఫైలును చదివే తీరులోనే ఉంది ఆ లోపం. దాన్ని పూడుస్తూ వచ్చిన అప్‌డేట్లు వేసుకున్న యంత్రాలు చాలా చోట్ల గ్రబ్_కాలాక్ దొరకలేదంటూ ఇలాగే పడకేశాయి. అప్పుడూ చాలా వాటిలో జరిగింది ఇదే. మాడ్యూళ్లు మారాయి, కోర్ మారలేదు.

బాబాయి యంత్రంలో 20.04తో ఉన్న గ్రబ్ 2.04. 22.04తో వచ్చేది 2.06. మాడ్యూళ్లు 2.06 అయ్యాయి, కోర్ 2.04 దగ్గరే ఉండిపోయింది. ఇంతవరకు తేలికగానే తేలింది. కోర్ ఎందుకు మారలేదన్నదే అసలు చిక్కు. ఉబుంటులో గ్రబ్-పీసీ ప్యాకేజీ కొత్త వెర్షన్ ఎక్కినప్పుడల్లా గ్రబ్-ఇన్‌స్టాల్‌ను తానే నడిపి, మూడు చోట్లా కొత్తది వేస్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు. తప్పు జరిగితే మధ్యలో అరిచి చెబుతుంది. మావాడు దాచుకున్న లాగ్‌లో అరుపులేమీ లేవు. అంతా శుభం అనే ఉంది.

జవాబు మొదటి ఫొటోల్లోనే ఉంది. వాడు ఎల్ఎస్ కొట్టినప్పుడు వచ్చిన వరుసను ఇంకోసారి చూశాను. హెచ్‌డీ0, దాని విభజనలు. ఆ పక్కనే హెచ్‌డీ1, దానికి ఒక విభజన. యంత్రంలో రెండు డిస్కులున్నాయి!

"ఒరే, పెన్‌డ్రైవ్ ఏదైనా పెట్టి ఉంచావా?"

"లేదక్కా."

"అయితే క్యాబినెట్ పక్క రేకు తీసి లోపల ఎన్ని డిస్కులున్నాయో చూడు. ముందు ప్లగ్గు పీకు."

రేకు తీయగానే తుమ్ములు మొదలయ్యాయి. ఫోను వీడియోలో చూపించాడు. ఫ్యాను రెక్కల అంచుల వెంట, ప్రాసెసర్ మీది హీట్‌సింక్ సందుల్లో, పవర్ సప్లై జాలీ మీద ఇటుక రంగు ధూళి పేరుకుపోయి ఉంది. మామూలు దుమ్ము కాదది, మిర్చి దుమ్ము. యార్డులో కూర్చునే కంప్యూటర్ ఊపిరి పీల్చుకునేది ఆ గాలే మరి. మూతికి తువ్వాలు కట్టుకుని మెత్తటి బ్రష్‌తో వాడు దాన్ని దులుపుతుంటే పక్క దుకాణం గుమాస్తా కూడా బయటికి వెళ్లి దగ్గాడట. దులపడం అయ్యాక లోపలి సంగతి కనబడింది. ఎస్ఎస్‌డీ ఒకటి, ఒక మూలన టేపుతో అతికించి. కింద అరలో పాత హార్డ్ డిస్కు, దానికీ కేబుళ్లు తగిలించే ఉన్నాయి.

ఇక్కడ బాబాయి అందుకున్నారు. కొంతకాలం క్రితం కంప్యూటర్ నెమ్మదించిందని ఊళ్లో ఒక దుకాణంలో ఇచ్చారట. వాళ్లు పాత హార్డ్ డిస్కును ఉన్నదున్నట్టుగా ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసి, పాతదాన్ని తుడిచి, బ్యాకప్‌కు పనికొస్తుందని లోపలే ఉంచి ఇచ్చారు. "పాతది పారేయడమెందుకు, బాగానే ఉంది కదా అన్నారు. నాకూ సబబుగానే తోచింది" అన్నారు బాబాయి. నిజానికి సబబే. పని కూడా పొందికగా చేశారు, ఆ రోజు నుంచి యంత్రం చకచకా నడిచింది.

చిక్కు ఎక్కడ పుట్టిందంటే, గ్రబ్-పీసీ ప్యాకేజీకి జ్ఞాపకశక్తి ఎక్కువ. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసినప్పుడు కోర్‌ను ఏ డిస్కులో వేసిందో డెబ్‌కాన్ఫ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. డిస్కులకు లినక్స్ వరుసగా పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు రాసుకోదు, ఎందుకంటే ఆ పేర్లు ఒక్కోసారి తారుమారవుతాయి. డిస్కు మోడల్, సీరియల్ నంబరు కలిపిన శాశ్వతమైన పేరు రాసుకుంటుంది. తెలివైన పద్ధతే. కానీ క్లోన్ చేసినప్పుడు ఆ చిట్టా కూడా అక్షరం పొల్లుపోకుండా ఎస్ఎస్‌డీకి వెళ్లింది. అందులో ఉన్నది మాత్రం పాత హార్డ్ డిస్కు సీరియల్ నంబరు. ఆ డిస్కు ఇంకా యంత్రంలోనే ఉంది. అప్‌గ్రేడ్ వేళ ప్యాకేజీ చిట్టా తీసింది, ఆ నంబరు డిస్కు కోసం చూసింది, కనబడింది, దానిలో కొత్త కోర్ వేసింది, మాడ్యూళ్లను మామూలుగా ఎస్ఎస్‌డీలో ఉన్న బూట్ ఫోల్డరులో వేసింది. లోపమేమీ లేదని రాసి ముగించింది. దాని వరకు అబద్ధం లేదు. తలుపుకు కొత్త తాళం బిగించి, తాళంచెవి పాత అద్దెఇంటి చిరునామాకు పంపినట్టయింది. బయోస్ లేపేది ఎస్ఎస్‌డీని. అక్కడున్నది క్లోన్ చేసిన నాటి కోర్.

ఇందులో నాకు నచ్చిన వింత ఒకటుంది. ఆ పాత డిస్కును తీసేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. చిట్టాలోని డిస్కు కనబడకపోతే ప్యాకేజీ ఊరుకోదు. ఫలానా డిస్కు ఇప్పుడు లేదు, గ్రబ్‌ను ఎక్కడ వేయమంటారని నీలం రంగు తెర పెట్టి అడుగుతుంది. బాగా పనిచేస్తున్న పాత డిస్కు పక్కనే ఉండడం వల్ల అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

ఇంతవరకు ఇది నా ఊహ. రుజువు చేసుకోవడానికి లైవ్ పెన్‌డ్రైవ్ (ఉబుంటును నేరుగా నడిపే పెన్‌డ్రైవ్) కూడా అక్కర్లేదు. నా ఊహే నిజమైతే కొత్త కోర్ పాత హార్డ్ డిస్కులో ఉండాలి. దాన్ని లేపితే మాడ్యూళ్లతో దానికి పేచీ ఉండకూడదు.

"రేకు పెట్టేసి ఆన్ చేయి. లోగో కనబడగానే ఎఫ్12 నొక్కుతూ ఉండు. డిస్కుల జాబితా వస్తుంది. అందులో పాత హార్డ్ డిస్కు పేరు ఎంచుకో."

"అందులో ఉబుంటు లేదు కదక్కా, తుడిచేశారుగా?"

"లేదు. అయినా ఎంచుకో."

ఎంటర్ కొట్టాడు. ఊదా రంగు తెర, ఉబుంటు గుర్తు, ఆపైన లాగిన్. బాబాయి ఏదో అన్నారు గానీ మావాడి కేకలో వినబడలేదు. తుడిచేసిన డిస్కు నుంచి ఉబుంటు ఎలా వచ్చిందని వాడు అడిగాడు. తుడిచింది విభజనల్లోని ఫైళ్లను. గ్రబ్ ఉండేది విభజనలకు ముందున్న ఖాళీలో. బూట్ ఫోల్డరు వేరే డిస్కులో ఉన్నప్పుడు గ్రబ్-ఇన్‌స్టాల్ ఆ కోర్‌లో ఒక యూయూఐడీ రాసి పెడుతుంది. ఆ గుర్తింపు సంఖ్య ఉన్న విభజన ఏ డిస్కులో ఉన్నా వెతికి పట్టుకో అని. అలా పాత డిస్కులోని కోర్ ఎస్ఎస్‌డీలోని ఇంటికి దారి చూపింది.

సిస్టమ్ లేచాక వైద్యం చిన్నదే. టెర్మినల్ తెరిచి సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, డెబ్‌కాన్ఫ్-షో గ్రబ్-పీసీ అని కొట్టమన్నాను. ఇన్‌స్టాల్_డివైసెస్ అన్న వరుసలో హార్డ్ డిస్కు మోడల్, సీరియల్ నంబరు. అనుమానం తీరింది. తరువాత సుడోతో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ. మొదట కెర్నల్ ఆప్షన్ల గురించి ప్రశ్నలు వస్తాయి, వాటికి ఉన్నది ఉన్నట్టు ఉంచి ఎంటర్ కొట్టుకుంటూ పోవచ్చు. ఆపైన డిస్కుల జాబితా వస్తుంది. ఇక్కడ మాత్రం నిలబడి చూడాలి. డిస్కు పేరు మీదికి వెళ్లి ఎంటర్ కొడితే అది ఎంపికైనట్టు కాదు. స్పేస్ నొక్కితేనే పేరు ముందున్న చదరంలో నక్షత్రం పడుతుంది. పాతదాని ముందున్న నక్షత్రం తీయించి, ఎస్ఎస్‌డీ ముందు పెట్టించాను. జాబితాలో విభజనలు కూడా కనిపిస్తాయి. వాటి జోలికి పోకూడదు, మొత్తం డిస్కునే ఎంచుకోవాలి. రెండు డిస్కులకూ నక్షత్రం పెట్టుకోవచ్చనేవారున్నారు. తప్పేమీ కాదు గానీ, రేపు ఆ పాత డిస్కు మూలపడితే మళ్లీ అదో తలనొప్పి. నా ఓటు ఒక్క డిస్కుకే.

అయ్యాక మామూలుగా రీస్టార్ట్, ఎఫ్12 లేకుండా. లేచింది.

"మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తే పోయేది కదక్కా, ఇంత ఆరా ఎందుకు?" అన్నాడు మావాడు తరువాత. ఆ మాట చాలామంది అంటారు. ఇన్‌స్టాల్ చేస్తే అప్పటికి కుదురుకునేదే. కానీ ప్రింటర్ సెట్టింగులు, బాబాయికి అలవాటైన కీబోర్డు అమరిక, రోజువారీ బ్యాకప్ స్క్రిప్టు అన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. తప్పు ఏ సెక్టర్లలో ఉందో తెలిశాక మొత్తం డిస్కును ఎందుకు శిక్షించాలి? బూట్-రిపేర్ అనే పనిముట్టు కూడా ఉంది. ఎక్కువసార్లు సరిచేస్తుంది. ఏం చేసిందో పొడవాటి నివేదిక రాస్తుంది కూడా, కాకపోతే దాన్ని చదివేవారిని నేను ఇంతవరకు చూడలేదు.

కొత్త యంత్రాల్లో బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. అక్కడ 446 బైట్ల ఇరుకు లేదు. గ్రబ్ ఒక ప్రత్యేక విభజనలో మామూలు ఫైలుగా ఉంటుంది. ఉబుంటులో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చే రక్షణ) కోసం సంతకం చేసి ఇచ్చే ఆ ఫైలులో కావలసిన మాడ్యూళ్లు చాలావరకు లోపలే ఉంటాయి గనుక ఈ సింబల్ పేచీ అరుదు. అక్కడి చిక్కులు వేరు. మీ యంత్రం ఏ రకమో తెలియకపోతే సిస్ ఫోల్డరులోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఉపఫోల్డరు ఉందో లేదో చూడండి. ఉంటే యూఈఎఫ్ఐ పద్ధతిలో లేచినట్టు, లేకపోతే పాత బయోస్ పద్ధతిలో లేచినట్టు.

బయోస్ యంత్రంలో ఎప్పుడైనా డిస్కు మార్చి ఉంటే, క్లోన్ చేయించి ఉంటే, పెద్ద అప్‌గ్రేడ్‌కు ముందు ఆ డెబ్‌కాన్ఫ్-షో ఆదేశం కొట్టి చూసుకోండి. అందులో వచ్చిన పేరును, డెవ్ ఫోల్డరులోని డిస్క్, దానిలోని బై-ఐడీ జాబితాతో పోల్చండి. ఆ పేరు బాణం గుర్తుతో ఎస్‌డీఏకు చూపిస్తోందా ఎస్‌డీబీకా, వాటిలో మీ యంత్రం లేచేది దేని నుంచి అన్నది తేల్చుకోండి. నా దగ్గర పేజీలు కట్టే యంత్రాన్ని కూడా ఆ రాత్రే చూశాను. దానికి క్లోన్ చరిత్ర లేదు, చిట్టా సరిగ్గానే ఉంది.

పాత హార్డ్ డిస్కును తీసేయమంటావా అని బాబాయి అడిగారు. వద్దన్నాను. లెక్కల బ్యాకప్ రోజూ దాని మీదికే పోతోంది. యార్డు తెరిచిన రోజున ఇంకో ఫోను వచ్చింది. పట్టీ మీద రైతు పేర్లలో వత్తుల కింది భాగం తెగి పడుతోందట. అది గ్రబ్ పని కాదు. అప్‌గ్రేడ్‌లో తెలుగు ఫాంటు మారి వరుసల ఎత్తు సరిపోలేదు. దాని సంగతి ఇంకో టపాలో రాస్తాను.